నిమ్మకాయ తొక్కని జీపు

మా పెద్దమ్మ కొడుకు సన్నీవేల్‌లో ఉద్యోగం చేస్తాడు. ఏడాదంతా సెలవు పెట్టని మనిషి, ఆగస్టులో మాత్రం ఒక వారం ఎవరికీ దొరకడు. ఒకసారి పెళ్లిచూపుల వీడియో కాల్ కూడా ఆ వారం కుదరదన్నాడని పెద్దమ్మ ఇప్పటికీ తిట్టుకుంటుంది. ఆ వారం కాలిఫోర్నియాలో, మాంటెరీ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో పాత కార్ల పండగ. ఒకచోట రేసులు, ఒకచోట వేలంపాటలు, ఒకచోట కార్లకి అందాల పోటీలు. మా అన్న కెమెరా బ్యాగు తగిలించుకుని వారం రోజులూ వాటి వెంటే తిరుగుతాడు. 2024 ఆగస్టులో అలా తిరిగొచ్చాక నాకో లింకు పంపాడు. "తమ్ముడూ, ఖాళీ ఉంటే చూడు" అని. తెరిస్తే మూడువేల నాలుగొందల ఫొటోలు.

ఖాళీగానే ఉన్నా. రేపు మిడ్స్ అనగా మనకుండేంత ఖాళీ ఇంకెప్పుడుంటుంది? హాస్టల్లో రాత్రంతా కూర్చుని చూశా. మొదటి ఐదారొందల ఫొటోలకి నోరు తెరుచుకుని ఉండిపోయా. ఆ తర్వాత విసుగొచ్చింది. ఆ విసుగు ఎందుకొచ్చిందో ఆలోచిస్తూ పోతే, బూర్గంపాడులో మా ఇంటి వెనక చింతచెట్టు కింద 2022 నుంచి కదలకుండా ఉన్న మా తాత జీపు దగ్గర తేలాను. ఈ వ్యాసం సంగతి అదీ.

విసుగు పుట్టించినవి ఆదివారం నాటి ఫొటోలు. పచ్చటి గడ్డి, దాని మీద అద్దంలా మెరిసే కారు, పక్కన టోపీ పెట్టుకున్న ఆసామి. మళ్లీ గడ్డి, మళ్లీ కారు, ఇంకో టోపీ. పెబుల్ బీచ్ అనే గోల్ఫ్ మైదానంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఆఖరి పచ్చిక మీద 1950 నుంచి నడుస్తున్న పోటీ ఇది. కాంకూర్ అంటారు. జడ్జీలు టార్చిలైట్లు పట్టుకుని కారు కిందికి దూరి మరీ చూస్తారు. 2018లో ఇదే గడ్డి మీద మన దేశపు రాజుల కార్లకి ప్రత్యేకంగా ఒక వరుసే పెట్టారు. అదే ఏడు అదే వారంలో ఫెరారీ 250 జీటీఓ ఒకటి వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకి పోయింది. ఆ లెక్క విన్నప్పటి నుంచి నాకు గడ్డి మీది కార్లన్నీ కార్లలాగా కాక బీరువాలో నగల్లాగా కనబడటం మొదలుపెట్టాయి. నగ ఫొటో ఎంత బాగా తీసినా నగే కనబడుతుంది గానీ దాన్ని పెట్టుకున్న మనిషి కనబడదు.

రేసుల ఫోల్డర్ తెరిచాక నిద్రమత్తు వదిలింది. లగూనా సెకా అనే ట్రాక్. అక్కడ పాత రేసు కార్లని నిజంగా పోటీలో పరిగెత్తిస్తారు, 1974 నుంచి. కార్క్‌స్క్రూ అని ఒక మలుపుంది. 450 అడుగుల దూరంలో ట్రాకు 59 అడుగులు కిందికి పడిపోతుంది, అదీ ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి మెలి తిరుగుతూ. అరవై డెబ్భై ఏళ్ల కార్లు అందులోకి దూకుతున్నాయి. ఒకదాని ముందు చక్రం గాల్లో ఉంది. ఒకాయన ముఖం నిండా నూనె. ఒక కారు బానెట్ ఎత్తి ముగ్గురు ముసలాళ్లు తలలు లోపల పెట్టేశారు, బయటికి మూడు వీపులే కనబడుతున్నాయి. నా దృష్టిలో మొత్తం మూడువేల నాలుగొందల్లో అదే మంచి ఫొటో. అన్నకి ఫోన్ చేసి చెప్తే "అది పొరపాటున నొక్కింది రా" అన్నాడు.

ఫోన్లో ఇంకో సంగతి నేర్చుకున్నా. పరిగెత్తే కారుని సెకనులో వెయ్యోవంతు షట్టర్ స్పీడుతో తీస్తే బొమ్మ కత్తిలా వస్తుంది, కానీ చక్రాలు కూడా గడ్డకట్టుకుపోతాయి. నూట యాభై మైళ్ల వేగంతో పోయే కారు పార్కింగులో పెట్టినట్టు ఉంటుంది. సెకనులో అరవయ్యోవంతుకి దించి, కెమెరాని కారుతోపాటు తిప్పుతూ నొక్కాలి. అప్పుడు కారు నిలబడుతుంది, లోకం గీతలు గీతలుగా సాగిపోతుంది, చక్రాలు తిరుగుతూ కనబడతాయి. పదింట్లో తొమ్మిది పాడైపోతాయి. "ఆ ఒక్కదాని కోసమే వారం సెలవు" అన్నాడు అన్న.

నేను కళ్లారా చూసిన రేసు ఒక్కటే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ. టికెట్టు కొనే స్తోమత లేక కంచె సందుల్లోంచి చూశా. ఆ రోజు ఫోనులో తీసినవన్నీ పార్కింగ్ ఫొటోలే. కారణం ఇప్పుడు తెలిసింది. మరుసటేడు ఆ రేసు రద్దయింది కాబట్టి తప్పు దిద్దుకునే అవకాశం కూడా లేకపోయింది.

మాంటెరీ సంగతుల్లో నన్ను పట్టుకున్నది ఒక చిన్న నిబంధన. ఆదివారం అందాల పోటీకి ముందు గురువారం నాడు ఆ కార్లన్నీ మామూలు రోడ్డు మీద ఊరేగింపుగా వెళ్తాయి. 1998లో మొదలుపెట్టారు. సముద్రం వెంబడి కొండ రోడ్డు మీద డెబ్భై మైళ్లకి అటూ ఇటూగా. రోడ్డు పక్కన నిలబడి ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఆదివారం పోటీలో ఒక విభాగంలో రెండు కార్లకి సమానంగా మార్కులొస్తే, గురువారం ఆ దూరం మొత్తం నడిచి వచ్చిన కారుకే బహుమతి. ట్రక్కులో ఎక్కించి తెచ్చి గడ్డి మీద దించిన కారు ఓడిపోతుంది. డబ్బున్నవాళ్ల ఆటలో కూడా ఆఖరికి తూకం తేల్చేది నడకేనన్నమాట.

ఈ మాట చదవగానే నాకు దసరా గుర్తొచ్చింది. మనం చేసే వాహన పూజ ఏంటి మరి? పొద్దున్నే బోరు దగ్గరో ఏటి దగ్గరో బండి కడుగుతాం. పసుపు కుంకుమ పెడతాం, బంతిపూల దండలు వేస్తాం, ముందు బంపరుకి రెండు అరటి పిలకలు కడతాం. బూడిద గుమ్మడికాయ తిప్పి పగలగొడతాం. వీధిలో వరసగా నిలబెడితే లారీ, ట్రాక్టరు, ఆటో, స్కూటీ, మూడోతరగతి పిల్లాడి సైకిలు, అన్నీ ఒకే రకంగా ముస్తాబై ఉంటాయి. ఇంతకన్నా గొప్ప కాంకూర్ ఎక్కడుంది? అసలు సంగతి చివర్లో ఉంది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, స్టార్ట్ చేసి, ముందుకు నడిపి తొక్కించాలి. కాయ చితికితేనే పూజ పూర్తయినట్టు. నడవని బండికి మన దగ్గర కూడా బహుమతి లేదు. (మాంటెరీ వారంలోనే శనివారం నాడు చెత్త కార్లకి వేళాకోళంగా ఒక పోటీ పెడతారు, 2009 నుంచి. దాని పేరులో కూడా నిమ్మకాయే ఉంది. అమెరికాలో పనికిరాని కారుని లెమన్ అంటారట. మనకి దిష్టి తీసేది వాళ్లకి తిట్టు.)

అందుకని 2024 దసరా సెలవుల్ని నా సొంత కార్ల వారంగా ప్రకటించుకున్నా. ఫొటోగ్రఫీ క్లబ్ సీనియర్ని బతిమాలి కెమెరా తీసుకున్నా. దానికున్నది కిట్ లెన్సు ఒక్కటే. ఇంటికెళ్లే దారిలో హైదరాబాద్‌లో రెండ్రోజులు దిగా.

చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించుకున్నాడు. వెనక సీటు సింహాసనంలా ఉంటుంది. పాపం ఆయన 1911లో చనిపోయాక గానీ అది ఊళ్లోకి రాలేదు. ఆ తర్వాత ఏడో నిజాం హయాంలో దశాబ్దాల పాటు ఉండి కూడా నాలుగొందల మైళ్లు తిరగలేదంటారు. చాలా అందమైన కారు, కాదనను. అరగంట దాని చుట్టూ తిరిగి నలభై ఫొటోలు తీశా. ఇంటికొచ్చి చూసుకుంటే నలభై కూడా ఒకటే ఫొటో. ఆ కారుకి చెప్పుకోవడానికి కథ లేదు మరి, నాలుగొందల మైళ్లలో ఎంత కథ పుడుతుంది? అద్దంలో నా ముఖం మాత్రం నలభైట్లోనూ పడింది.

నాకు దానికన్నా పాత బస్సులు ముఖ్యమనిపిస్తుంది. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేవాళ్ల రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. మన ఆర్టీసీకి మూలం అదే. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి ఆర్టీసీ దాచిపెట్టుకుంది. రాజు సింహాసనం ఎంత చరిత్రో, టికెట్టు కొనుక్కుని కిటికీ పక్క సీటు కోసం తోసుకున్న జనమూ అంతే చరిత్ర. కానీ పాత వాహనం అనగానే మన పేపర్లో, ఇన్‌స్టాలో వచ్చేది ఎప్పుడూ సింహాసనమే. జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ వ్యాను ఫొటో మీలో ఎంతమంది చూశారు? అది మన గడ్డ మీద తయారైన బండి. మా వైపు దాని మీద కూరగాయలు, సామాన్లు, పెళ్లివాళ్లు, అన్నీ వెళ్లాయని పెద్దవాళ్లు చెప్తారు. ఇప్పుడొకటైనా వెతికి ఫొటో తీద్దామంటే దొరకలేదు.

మా దారి గురించి కొంచెం చెప్పాలి. భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషను భద్రాచలంలో ఉండదు, కొత్తగూడెంలో ఉంటుంది. రాముడి కోసం రైలు దిగినవాళ్లు అక్కడి నుంచి ఇంకో నలభై కిలోమీటర్లు రోడ్డు మీద రావాలి. పాల్వంచ దాటి, అడవి దాటి, మా మండలంలోని సారపాక దాకా వచ్చి, 1965లో తెరిచిన గోదావరి వంతెన ఎక్కాలి. బొగ్గు గనులు, పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీ, 1979లో ఉత్పత్తి మొదలుపెట్టిన సారపాక పేపరు మిల్లు, వీటన్నిటి వల్ల ఈ రోడ్డు మీద జీపులు, అంబాసిడర్లు తిరిగినంతగా ఇంకెక్కడా తిరగలేదని మా తాత వాదన. దాన్ని నేను రుజువు చెయ్యలేను. కానీ ఒకటి నిజం. బస్సు వెళ్లని గూడేలకి వెళ్లింది జీపే. ఆస్పత్రికైనా, సంతకైనా, ఎన్నికల పెట్టెలకైనా జీపే.

మా తాతది మహీంద్రా 540. నంబరు ఏపీ 20. ఇప్పుడు మా జిల్లా బండ్లకి ముందు టీఎస్ 28 వచ్చింది, ఆ తర్వాత టీజీ వచ్చింది, జిల్లా మారింది, రాష్ట్రం మారింది, మా మండలంలో కొన్ని ఊళ్లు పోలవరం పేరు చెప్పి ఆంధ్రాలోకి పోయాయి. జీపు మీద మాత్రం ఖమ్మం జిల్లా అలాగే ఉంది. అందులో ఉన్నది ప్యూజో డీజిల్ ఇంజను, రెండువేల నూట చిల్లర సీసీ. తాత దాన్ని ఎప్పుడూ కిరాయికి తిప్పలేదని చెప్తే అబద్ధం. ఎక్కువమంది పట్టాలని వెనక చాసిస్ ఒక అడుగు కోయించి, అతికించి, పొడుగు బెంచీలు వేయించాడు. టాపు వెల్డింగు షాపులో మూడుసార్లు మారింది. గేర్‌బాక్సు వేరే బండిది.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకి ఇస్తారంటే లెక్కేసుకోండి. బూర్గంపాడులో ఇళ్లు మునిగాయి. నీళ్లు రావడానికి ముందు రాత్రి బాబాయి ఆ జీపుతో నాలుగు ట్రిప్పులు వేశాడు. మా వీధి ముసలాళ్లని, పిల్లల్ని, ఒక బాలింతని, రెండు మేకల్ని మిట్ట మీదికి చేర్చాడు. ఐదో ట్రిప్పుకి రోడ్డు తెగింది. జీపుని ఇంటి వెనక మెరక మీద పెట్టి మనుషులు మాత్రం నడిచి బయటపడ్డారు. మెరక కూడా మునిగింది. నీళ్లు తీశాక చూస్తే స్టీరింగు దాకా ఒండ్రు. ఆ ఏడు దసరాకి దానికి బొట్టు పెట్టారు గానీ నిమ్మకాయ పెట్టలేదు. "స్టార్ట్ కాని బండికి నిమ్మకాయ ఏందిరా" అన్నాడట తాత. తర్వాతి ఏడూ అంతే.

ఈసారి నేనే పట్టుబట్టా. టైర్లలో గాలి కొట్టించి, నిమ్మకాయలు పెట్టి, బాబాయి, నేను, పక్కింటి ఇద్దరూ కలిసి తోశాం. కాయలు చితికాయి. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. తాత కుర్చీలోంచి లేవకుండా చూసి, "దిష్టి మీకు పోయింది, దానికి పోలేదు" అని లోపలికి వెళ్లిపోయాడు. ఆ తోస్తున్న ఫొటో నా దగ్గరుంది. సెకనులో పదిహేనోవంతుతో తీయించినా మా కాళ్లే కదిలినట్టు వచ్చాయి, చక్రం కదల్లేదు.

దసరా అయ్యాక నాన్నకి ఫోనొచ్చింది. పాత ఇనుము కొనే ఆసామి. కిలోల లెక్కన ఇస్తానన్నాడు. నాన్న మాటలో తప్పులేదు, అక్కడ ట్రాక్టరు ట్రాలీ పెట్టుకోవాలి, జీపు బాగుచేయించాలంటే డబ్బు కావాలి. బాగుచేయించినా పదిహేనేళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ పొడిగించే రుసుము 2022 ఏప్రిల్‌లోనే ఆరొందల నుంచి ఐదు వేలకి పెరిగింది. పోనీ పాత బండ్లకి ప్రత్యేక చట్టం ఉంది కదా అని నేను వెతికా. ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చింది. వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు, నంబరు ప్లేటు మీద వీఏ అని అక్షరాలు వస్తాయి, రుసుము ఇరవై వేలు, పదేళ్లకి చెల్లుతుంది. కానీ బండికి యాభై ఏళ్లు నిండి ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా మొదట ఎలా పుట్టిందో అలాగే ఉండాలి. ఇవన్నీ ఉన్నా ర్యాలీకో, ప్రదర్శనకో, డీజిల్‌కో, రిపేరుకో తప్ప రోజూ రోడ్డెక్కకూడదు.

ఇక్కడే నా పేచీ. పుట్టినట్టే మిగిలి ఉండటం ఎవరికి సాధ్యం? నాలుగొందల మైళ్లు తిరిగిన సింహాసనానికి. మా జీపు ఒక అడుగు పెరిగిందంటే గూడెంలో ఇంకో నలుగురు సంతకి వెళ్లారని అర్థం. గేర్‌బాక్సు మారిందంటే మొదటిది అరిగేదాకా పనిచేసిందని అర్థం. ఆ అతుకులే దాని చరిత్ర. ఆ అతుకుల్ని చూసే చట్టం దాన్ని కాదంటోంది. ఇదేదో నా ఏజెన్సీ సెంటిమెంటు అనుకోకండి. పెబుల్ బీచ్‌లో 2024లో మొదటి బహుమతి దేనికొచ్చిందో తెలుసా? 1934 నాటి బుగాటీ టైప్ 59కి. దానికి కొత్త రంగు వేయలేదు, మెరుగు పెట్టలేదు. ఎలా పాతబడిందో అలాగే తెచ్చి నిలబెట్టారు. అలాంటి బండికి అక్కడ మొదటి బహుమతి రావడం అదే మొదటిసారి. ఆ కారు రేసుల్లో పరిగెత్తింది, తర్వాత స్పోర్ట్స్ కారుగా మార్చారు, బెల్జియం రాజు కొన్నాక నల్లరంగు వేయించుకున్నాడు. అంటే అదీ పుట్టినట్టు లేదు. బతికినట్టు ఉంది. డెబ్భై నాలుగేళ్ల తర్వాత ఆ గడ్డి మీది జడ్జీలకి తెలిసొచ్చిన సంగతి మన రూల్సులోకి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది?

మా అమ్మ ఇదంతా విని నవ్వింది. "నీకేం, ఫొటో తీసుకుంటావు. పన్నెండుమంది కూర్చునే చోట ఇరవైమందిని కుక్కితే వెనక తలుపు పట్టుకుని వేలాడింది మేము. నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆ జీపులోనే భద్రాచలం ఆస్పత్రికెళ్లా, ప్రతి గుంతా నాకు గుర్తుంది" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. జీపులు బోల్తాపడి మనుషులు పోయిన మాటా నిజమే. పాత డీజిలు పొగ పొగే. రేసుల వాళ్ల చరిత్రలోనూ ఇది ఉంది. పెబుల్ బీచ్‌లో మొదట్లో అడవి రోడ్ల మీదే రేసులు పెట్టేవాళ్లు. 1956లో ఎర్నీ మెకాఫీ అనే ఆయన కారు చెట్టుకి గుద్దుకుని చనిపోయాడు. దాంతో ఆ రేసులు ఆపేశారు. మరుసటేడు లగూనా సెకా ట్రాకు వచ్చింది. మన పక్కనే చూసుకున్నా, నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే రోడ్డు మీద షోలవరంలో యుద్ధకాలపు రన్‌వే మీద ఏళ్ల తరబడి రేసులు నడిచాయి, వేలమంది వెళ్లేవాళ్లు, ఆ తర్వాత ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు కట్టుకున్నారు. ప్రమాదం ఉందని పరుగే మానెయ్యలేదు, పరిగెత్తే చోటు మార్చారు. నేను అడిగేదీ అంతే. ఈ జీపుల్ని మళ్లీ ఇరవైమందిని ఎక్కించుకుని తిప్పమనట్లేదు. ఏడాదికి ఒకరోజు, దసరా మర్నాడు, సారపాక నుంచి బూర్గంపాడు దాకా మెల్లగా నడుచుకుంటూ పోనిమ్మంటున్నా. రోడ్డు పక్కన నిలబడి ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

అసలు పోతున్నది బండి ఒక్కటే కాదు. ఆ వారంలో నేను పాల్వంచలో ఒక మేస్త్రీ దగ్గర ఒక పూట కూర్చున్నా. డెబ్భై దాటిన మనిషి. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ నాజిల్ సరిగ్గా కొట్టట్లేదో చెప్పేస్తాడు. నేను నమ్మక, విప్పించి చూశా. రెండోది అన్నాడు, రెండోదే. మనం వైబ్రేషన్ అనాలిసిస్ ఒక యూనిట్ మొత్తం చదివాం, సప్లీలు కూడా రాశాం. ఐసీ ఇంజన్స్ ల్యాబులో కోసి, ఎరుపు నీలం రంగులేసి పెట్టిన ఇంజను చుట్టూ నిలబడి రికార్డు రాశాం. అది జన్మలో స్టార్ట్ కాదు. దాని శబ్దం ఎవడూ వినలేదు. ఆ మేస్త్రీ దగ్గర ఇప్పుడు పని నేర్చుకునే పిల్లలు లేరు. "ఇప్పుడన్నీ ల్యాప్‌టాప్ పెట్టి చూస్తారు కదయ్యా, మీరే నేర్పాలి మాకు" అన్నాడు, నిష్ఠూరంగా కాదు, మామూలుగానే. ఆయన చేతుల ఫొటోలు ఇరవై తీశా. నా కార్ల వారంలో ప్యానింగ్ అవసరంలేకుండానే కదులుతున్నట్టు వచ్చినవి అవే.

మన క్లబ్బు వాళ్లని, మెకానికల్ వాళ్లని నేను అడిగేది ఒకటుంది. ఏటా ఫెస్టుకి ఎవరో ఒకరి సూపర్ బైకు తెచ్చి గేటు దగ్గర పెట్టి ఎక్సిలేటర్ రైజ్ చేయిస్తాం. దాని బదులు ఒకసారి మన మన ఊళ్ల నుంచి పాత బండ్లు నడిపించుకుని రమ్మందాం. 2014లో ఆగిపోయిన అంబాసిడరో, రాజ్‌దూత్ బైకో, లూనా అయినా సరే. ఒకటే షరతు, దాన్ని బాగుచేసే మేస్త్రీని కూడా వెంట తీసుకురావాలి. మైకు ఆయన చేతికివ్వాలి. మనం రికార్డు చేసుకోవాలి. తెలుగులో, ఆయన మాటల్లోనే. పంపు, నాజిలు, బుష్షు, రింగు, ఈ మాటలతో ఆ మేస్త్రీ ఇంజను గురించి చెప్పినంత మంచి టెక్నికల్ తెలుగు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నాన్నని సంక్రాంతి దాకా ఆగమన్నా. ఇనుము ఆసామికి కూడా అదే చెప్పారు. పాల్వంచ మేస్త్రీ వచ్చి జీపు చూశాడు. హెడ్ విప్పి ఒండ్రు తీశాడు, కిరోసిన్‌తో కడిగాడు. పిస్టన్లు బిగుసుకుపోయాయి గానీ విరగలేదట, లేత్ పనితో తేలిపోతుందట. తాత మొదటిసారి కుర్చీ లోపలి నుంచి చింతచెట్టు కిందికి జరుపుకున్నాడు. అసలు చిక్కు డీజిల్ పంపు దగ్గర. లోపల మొత్తం తుప్పు. పాల్వంచలో లేదు, కొత్తగూడెంలో లేదు. మీ ఊళ్లో ఎవరి పెరట్లోనైనా పాత మహీంద్రా 540 పడి ఉంటే, ఇంజను మీద ఎక్స్‌డీపీ అని ఉందేమో చూడండి. ప్యూజో ఇంజను పేరు అదే. పంపు మీది ప్లేటుకి దగ్గరగా ఫొటో తీసి పంపండి చాలు. అక్షరాలు కనబడితే చాలు, షట్టర్ స్పీడు ఎంతైనా పర్లేదు.